కూచిపూడిలో ఒక పూట

మీ అత్తగారి ఊరికీ మీ పుట్టింటికీ మధ్య ఒక ఊరుంటుంది చూడండి. వందసార్లు బస్సులో దాటి ఉంటారు. కిటికీలోంచి బోర్డు చదివి ఉంటారు. కానీ ఒక్కసారైనా దిగి ఉండరు. నాకు అలాంటి ఊరు కూచిపూడి. మాది చల్లపల్లి. పెళ్ళై ఈ ఊరొచ్చి ఇరవై నాలుగేళ్ళు. గుడివాడ పక్కనున్న మా పుట్టింటికి వెళ్ళాలన్నా, విజయవాడ వెళ్ళాలన్నా, పామర్రు దాకా కూచిపూడి మీంచే దారి. పెద్దవాళ్ళు దేశాలు దాటి వచ్చి చూసి వెళ్ళే ఊరు అది. నేను మాత్రం ఒళ్ళో పిల్లల్ని, కాళ్ళ దగ్గర సంచుల్ని సర్దుకుంటూ దాటిపోయాను.

2025 దసరాకి మొదటిసారి దిగాను. అది కూడా నా అంతట నేను దిగలేదు. మా పెద్దమ్మాయి శ్రావణి దింపింది. ఎందుకు దింపిందో, దిగి ఏం చూశామో, చూసొచ్చాక ఇంట్లో ఏమైందో మీతో చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉన్న తల్లులు కాస్త ఓపిగ్గా చదవండి.

సిస్టర్ల కాలేజీ గేటు దగ్గర

మా అమ్మాయి విజయవాడలో మేరీస్ స్టెల్లా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. హాస్టల్లో ఉంటుంది. 1962లో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే సంఘానికి చెందిన కన్యాస్త్రీలు పెట్టిన ఆడపిల్లల కాలేజీ అది. ఈ సంఘం మొదలైంది కూడా పరాయి దేశంలో కాదు, 1877లో మన దక్షిణాదిన ఊటీలోనేనట. మేరీస్ స్టెల్లా అంటే సముద్రపు తార అని అర్థం, మరియమాతకి ఒక పేరు. సముద్రానికి దగ్గరగా బతికే మా దివిసీమ వైపు పిల్లలు చదువుకోవడానికి తగిన పేరే అనుకుంటాను.

బెంజి సర్కిల్ దగ్గర అంత రొద ఉంటుందా, కాలేజీ గేటు దాటి లోపలికి వెళితే చెట్ల కింద నిశ్శబ్దంగా ఉంటుంది. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లా కాదు. సిస్టర్లకి చాలామంది పిల్లల పేర్లు తెలుసు. ఏ పిల్ల ఊరు వెళ్ళింది, ఏ పిల్లకి జ్వరం, ఏ పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు, అన్నీ పట్టించుకుంటారు. అక్టోబరు నెల వాళ్ళకి జపమాల మాసం, నాలుగో తేదీన ఫ్రాన్సిస్ పునీతుడి పండుగ. ఆ ముందే మనకి నవరాత్రులు. ఒకే కొండగాలి కింద ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, గుణదలలో మేరీమాత. మా అమ్మాయి గదిలో నలుగురు పిల్లలుంటే, ఒకరి బల్ల మీద జపమాల, ఇంకొకరి బల్ల మీద కుంకుమ భరిణె. ఎవరి పండుగకి వచ్చిన మిఠాయి అయినా నలుగురూ పంచుకుంటారు. ఆ మాట విన్నప్పుడు పిల్లని అక్కడ చేర్చినందుకు తృప్తిగా అనిపించింది.

దసరా సెలవులకి ముందు శనివారం అమ్మాయిని తీసుకురావడానికి నేనే వెళ్ళాను. మావారికి పొలం పని. అమ్మాయి బట్టలు సర్దుతుంటే పుస్తకంలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి జారి పడింది. వాళ్ళ టీచరమ్మ ఒకావిడ ఆఖరి సంవత్సరం పిల్లలందరికీ ఒక పని చెప్పిందట: “అయిదేళ్ళ తరువాత మీరెక్కడుంటారు? ఎవరి కోసమూ కాకుండా మీ కోసం రాయండి” అని. మిగతా పిల్లలు బ్యాంకు ఉద్యోగం, ఎం.బి.ఏ., అమెరికా అని రాసుకున్నారు. మా అమ్మాయి రాసింది ఒక్కటే మాట. కూచిపూడి.

నా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఇంట్లో మేం వేసుకున్న లెక్క వేరు. మా ఆడపడుచు కొడుకు షికాగో దగ్గర లూయిస్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివాడు. అది కూడా క్రైస్తవ బ్రదర్లు నడిపే చిన్న కాథలిక్ యూనివర్సిటీయే. తెలుగు పిల్లలు చాలామంది చదువుతారు. వాడు ఫోనులో చూపించిన ఫోటోల్లో చెట్లన్నీ ఎర్రగా, పచ్చగా పసుపు కుంకుమ చల్లినట్టు ఉండేవి. వాళ్ళకి ఆకులు రాలే కాలంలోనే చదువులు మొదలవుతాయట. మావారికి ఆ ఫోటోలు చూసినప్పటినుంచీ అమ్మాయిని అక్కడికి పంపాలని. బ్యాంకు లోను, నేను వేస్తున్న చీటీ, అవసరమైతే నా గాజులు. లెక్కంతా కాలెండరు వెనక రాసిపెట్టారు. అమ్మాయిని అడిగారా అంటే, అడగలేదు. నేనూ అడగలేదు.

“ఇదేమిటే?” అన్నాను.

“చెబుతానమ్మా. దారిలో కూచిపూడిలో దిగుదాం. ఒక్క పూట. చూశాక నువ్వు వద్దంటే మళ్ళీ ఆ మాటెత్తను” అంది.

కాలువ వెంబడి ప్రయాణం

బెంజి సర్కిల్ దగ్గరే అవనిగడ్డ బస్సెక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. ఆ ధైర్యంతోనే మధ్యలో దిగి మళ్ళీ ఎక్కుదామంటే సరేనన్నాను. లేకపోతే రెండు టికెట్ల డబ్బు దండగని ఎక్కడ దిగనిచ్చేదాన్ని?

మన డెల్టాలో శరత్కాలం అంటే ఆకులు రాలడం కాదు కదండీ. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. బందరు కాలువ నిండుగా రోడ్డు పక్కనే వస్తుంది. కంకిపాడు దాటాక రెండు వైపులా వరి. పిలకలు తొడిగి, గాలి వీస్తే చేలన్నీ ఒకే దిక్కుకి వంగుతున్నాయి. ఉయ్యూరు వైపు చెరకు, అక్కడక్కడ పసుపు, అరటి. చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఈ నెలల్లో మా గుండె అంత బితుకుబితుకుమంటుంది. ఆశ్వయుజం, కార్తీకం తుఫాన్ల కాలం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మా అత్తగారు చెప్పినప్పుడల్లా ఇప్పటికీ గొంతు మారిపోతుంది. చేను ఎంత పచ్చగా ఉన్నా, ధాన్యం ఇంటికొచ్చేదాకా అది మనది కాదంటారావిడ.

పామర్రులో బందరు వెళ్ళే దారి వదిలి చల్లపల్లి దారిలోకి తిరిగాక కాసేపటికే కూచిపూడి. రెండు గంటలు పట్టింది. పొద్దున్నే నేను కట్టుకున్న క్యారియర్లో పులిహోర, పెరుగన్నం ఉన్నాయి. ప్రయాణానికి పులిహోర చేసేటప్పుడు చింతపండు గుజ్జు ముందురోజు రాత్రే నూనె తేలేదాకా మగ్గించి పెట్టుకుంటే, సాయంత్రానిక్కూడా రుచి చెడదు. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేస్తే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. పులుపెక్కదు.

ఊరు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది

దిగగానే నాకు కలిగిన మొదటి ఆలోచన, ఇంతేనా అని. ఇంత పేరున్న ఊరు మా చల్లపల్లికన్నా చిన్నది. టీ కొట్లు, ఎరువుల దుకాణం, బస్సు కోసం నిలబడ్డ జనం. మనకి అలవాటైన పల్లెటూరే. అగ్రహారం వీధిలోకి వెళ్ళాక గానీ తేడా తెలియలేదు. వీధిలో నడుస్తుంటే ఒక ఇంట్లోంచి మృదంగం, ఇంకొక ఇంట్లోంచి తాళాలు. ఒక అరుగు మీద ఆరేడేళ్ళ పిల్లవాడు చెడ్డీతో నిలబడి చేతులు నడుము మీద పెట్టుకుని పాదాలు తడుతున్నాడు. వాళ్ళ నాయనమ్మ చిక్కుళ్ళు ఒలుచుకుంటూనే, తల ఎత్తకుండా, “ఎడమ కాలురా” అని సరిదిద్దుతోంది. అదీ కూచిపూడి.

ఊళ్ళో బాలా త్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. నాట్య కుటుంబాలవాళ్ళకి ఆ అమ్మవారే ఇలవేల్పు. నవరాత్రులు కాబట్టి గుడి కళకళలాడుతోంది. సాయంత్రం ఆడబోయే పిల్లలు గుడి ముందు కొలతలు చూసుకుంటున్నారు. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

ఈ ఊరి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సిద్ధేంద్ర యోగి అనే కృష్ణభక్తుడు భామాకలాపం రాసి, ఈ ఊరి బ్రాహ్మణ కుర్రాళ్ళకి నేర్పి, ప్రతి ఇంటి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని చెబుతారు. గోలకొండ నవాబు తానీషా వీళ్ళ ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని కూడా చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఏలేశ్వరపు... ఈ ఇంటి పేర్లన్నీ ఆ వీధివే.

ఇందులో మన ఆడవాళ్ళం గమనించాల్సిన సంగతి ఒకటుంది. సత్యభామ కట్టింది మగవాళ్ళు. జడలో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ పెట్టుకుని, నాకు సాటి ఎవరని జడ విసిరి సవాలు చేసే సత్యభామగా వందల ఏళ్ళపాటు మగవాళ్ళే ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషానికి ఎంత పేరు తెచ్చుకున్నారంటే, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడపిల్లలకి ఈ నాట్యం నేర్పడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. అలా నేర్పిన గురువుల్లో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి పేరు ముందు చెబుతారు. అంటే ఈ ఊళ్ళో ఆడపిల్లలకి తలుపు తెరిచి నిండా నూరేళ్ళు అయ్యాయేమో అంతే. మా ఇంట్లో మా నాయనమ్మ హయాంలో మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆ ముక్క కూడా చెప్పేస్తాను. నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి ఒక నాట్యం మాస్టారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. అయిదు నెలలు నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక నాయనమ్మ మాన్పించింది. ఇంటర్ అవగానే పెళ్ళి. ఎవరినీ తప్పుబట్టి చెప్పడం లేదు, ఆ రోజులు అలాంటివి. కానీ మా శ్రావణికి ఎనిమిదేళ్ళు రాగానే చల్లపల్లిలో ఒక టీచరమ్మ దగ్గర చేర్పించింది నేనే. ఇంటర్ దాకా నేర్చుకుంది. ఇంటర్‌లో చదువు పాడవుతుందని ఆపించింది కూడా నేనే. నాయనమ్మ చేసిన పనే నేనూ చేశానని ఆ వీధిలో నడుస్తుంటే తెలిసొచ్చింది.

కళాపీఠంలో పిల్లలు

ఊళ్ళో సిద్ధేంద్ర యోగి పేరుతో కళాపీఠం ఉంది. బందా కనకలింగేశ్వరరావుగారు 1950లలో పూనుకుని ఇక్కడ నాట్య విద్యకి ఒక కళాక్షేత్రం నిలబెట్టారు. తరువాత అది, 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయంలో భాగమైంది. అంతకుముందు ఇళ్ళల్లో, అరుగుల మీద నేర్పిన విద్యకి పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. ఈ ఇంటి పేర్లు లేని పిల్లలు, వేరే ఊళ్ళవాళ్ళు, ఆడపిల్లలు వచ్చి నేర్చుకునే వీలు వచ్చింది. సర్టిఫికెట్టు, డిప్లొమా నుంచి ఎం.పి.ఏ. దాకా చదువులున్నాయి.

మా అమ్మాయి కాలేజీని చూసిన కంటితో చూస్తే ఇది ఇంకా చిన్న ప్రాంగణం. కానీ నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, రెండింటిలోనూ ఒకే గుణం కనపడింది. పిల్ల గుంపులో కలిసిపోయి కనపడకుండా పోదు. పాఠం చెప్పే మాస్టారు చెక్క మీద కర్రతో తాళం వేస్తూ, పన్నెండు మంది ఆడుతుంటే వెనక వరసలో ఒక పిల్ల మడమ సరిగ్గా ఆనలేదని కళ్ళు మూసుకునే చెప్పారు. శబ్దాన్ని బట్టి తెలుసట.

పాఠం అయ్యాక పిల్లలు మా పక్కనే చెట్టు కింద కూర్చున్నారు. పులిహోర అందరికీ తలా కాస్త పెట్టాను. ఒక పిల్లది శ్రీకాకుళం జిల్లా, ఒకతిది కర్నూలు వైపు, ఒక కుర్రాడు ఇక్కడివాడే. ఊళ్ళో గది అద్దెకి తీసుకుని ముగ్గురు నలుగురు కలిసి వండుకుంటారట. తెల్లవారుజామునే లేచి సాధన. చలికాలం వస్తే ఒళ్ళు బిగుసుకుంటుందని ఇంకా ముందు లేవాలట. కాళ్ళకి కొబ్బరినూనె రాసుకోవడం, గజ్జెల తాళ్ళు తెగితే కుట్టుకోవడం, దసరా నుంచి మాఘం దాకా గుళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ ప్రోగ్రాములుంటే వెళ్ళడం, అవి లేని వానాకాలంలో పొదుపుగా గడపడం. ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. అలాగని తెలియక వచ్చినవాళ్ళూ కారు.

“చదువు అయ్యాక ఏం చేస్తావమ్మా?” అని కర్నూలు పిల్లని అడిగాను. నా అసలు భయం అదే కదా.

“ముందు మా ఊళ్ళో క్లాసు పెడతానాంటీ. మా జిల్లాలో కూచిపూడి నేర్పేవాళ్ళు తక్కువ. పక్కన బి.ఇడి. కూడా చేస్తాను. స్కూల్లో ఉద్యోగం వస్తే సాయంత్రం క్లాసు నడుపుకుంటాను” అంది. నోట్సు పుస్తకం తీసి చూపించింది. ఒక పక్క జతులు రాసుకుంది, రెండో పక్క లెక్కలు. ఒక్క విద్యార్థికి ఎంత ఫీజు, హాలు అద్దె ఎంత, మొదటి ఏడాది ఎంతమంది వస్తే నష్టం ఉండదు. నా చీటీ లెక్కలకన్నా శుభ్రంగా ఉంది. కళ నేర్చుకునేవాళ్ళకి లోకజ్ఞానం ఉండదని నేను అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం అక్కడే పోయింది.

మాస్టారు అన్న మాట

మా అమ్మాయి ధైర్యం చేసి ఒక మాస్టారిని అడిగింది. ఆయన పెద్దాయన. “ఏదీ, ఒకసారి నిలబడు” అన్నారు. చీర కొంగు బిగించుకుని ఆడింది. ఆడింది అనడం ఎందుకు, ఆయన చెప్పిన నాలుగు అడవులు వేసింది. మూడేళ్ళు ఆపేసిన కాళ్ళు కదా, రెండో కాలానికే ఆయాసం వచ్చింది. నాకు లోపల ఒకటే దడ. బాగుందని అంటారేమోనని భయం, బాగా లేదని అంటారేమోనని భయం.

ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. “తాళం పోలేదు. ఒళ్ళు బిగిసింది. సాధన చేస్తే ఏడాదిలో వస్తుంది” అని, నా వైపు తిరిగి అన్నారు: “అమ్మా, ఒకటి నిజం చెబుతాను. పది మంది నేర్చుకుంటే స్టేజీ మీద పేరు తెచ్చుకునేది ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్ళు నేర్పి బతుకుతారు. నేర్పి బతకడం తక్కువ పనని మీ అమ్మాయి అనుకుంటే ఇక్కడికి పంపకండి. డిగ్రీ మాత్రం పూర్తి చేయించండి. ఈలోగా విజయవాడలోనే సాధన మొదలుపెట్టమనండి.”

విజయవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది కదా. ముందు అక్కడ అడగమన్నారు. ఆయన అలా ఉన్నదున్నట్టు చెప్పడంతో నాకు గురి కుదిరింది. ఫలానా కోర్సు చేస్తే లక్షలు వస్తాయని చెప్పేవాళ్ళ మాటలు మనం రోజూ వింటున్నాం. ఇక్కడ మాత్రం ఎంతవరకు వస్తుందో అంతవరకే చెప్పారు.

ఇక్కడినుంచి వెళ్ళినవాళ్ళు

తిరిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మాయి వరసగా చెప్పుకొచ్చింది. మన దేవదాసు సినిమా 1953లో తీసిన వేదాంతం రాఘవయ్యగారు ఈ ఊరి నాట్య కుటుంబంవారే. 1957లో వచ్చిన మాయాబజార్‌కి నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిగారిదీ ఈ ఊరే. వెంపటి చినసత్యంగారు 1940ల చివర మద్రాసు వెళ్ళి, సినిమాల్లో పనిచేసి, 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న అనకాపల్లి అమ్మాయి శోభానాయుడుగారు 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంట్లో ఇష్టం లేకపోయినా తల్లి పట్టుబట్టి నేర్పించిందని ఆవిడ గురించి చెబుతారు. ఆ ముక్క చెప్పేటప్పుడు అమ్మాయి నా ముఖం చూడకుండా రోడ్డు వైపు చూసింది.

“అమెరికాలోనూ నేర్చుకుంటున్నారమ్మా. కాలిఫోర్నియాలో మనవాళ్ళే యూనివర్సిటీ పెట్టి కూచిపూడిలో ఎం.ఏ. దాకా చెబుతున్నారు” అంది. అది నిజమే. సిలికానాంధ్ర వాళ్ళు 2016లో పెట్టారు. ఈ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి కట్టించింది కూడా వాళ్ళే. అమెరికాలో ఉన్నవాళ్ళు కూచిపూడి కోసం వెతుక్కుంటుంటే, కూచిపూడి పక్కనున్న మేము అమెరికా కోసం గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాం. నాకు నవ్వొచ్చింది.

పక్కనే మొవ్వ. మువ్వగోపాలుడి మీద పదాలు చెప్పిన క్షేత్రయ్యగారి ఊరు. వేణుగోపాలస్వామి గుడి చూద్దామనుకున్నాం గానీ పొద్దుపోయింది. మీరు వెళితే మాత్రం ఆ గుడి కూడా కలిపి చూసుకోండి.

ఇంట్లో లెక్క మారింది

మావారికి చెప్పడానికి విజయదశమి దాకా ఆగాను. అక్టోబరు 2న జమ్మికొట్టి వచ్చి, గారెలూ పరమాన్నం తిని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కాగితం చేతిలో పెట్టాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత, “పెళ్ళికి అడిగేవాళ్ళు ఏం చదివిందంటే ఏం చెబుతాం?” అన్నారు.

“డిగ్రీ చదివింది, నాట్యం నేర్పుతుంది అని చెబుదాం. మాస్టారమ్మ కావడం సిగ్గుచేటా?” అన్నాను. ఇరవై నాలుగేళ్ళలో నేను ఆయనకి ఎదురు చెప్పింది తక్కువ. అందుకేనేమో విన్నారు. ఆలోచిద్దాం అన్నారు. అదే పెద్ద మాట.

ఇంతలో కార్తీకం వచ్చింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా సొంతం రెండెకరాలు, కౌలు నాలుగెకరాలు. పొట్ట మీదా ఈనిక మీదా ఉన్న చేను తెల్లారేసరికి చాప పరిచినట్టు పడుకుంది. నీళ్ళు తీయించి, పడ్డ దుబ్బులు కట్టించి, కూలీలకి ఇచ్చేసరికి నా చీటీ డబ్బు అయిపోయింది. ఆయన కాలెండరు వెనక వేసిన లెక్క ఆయనే కొట్టేశారు.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసి, “నాన్నా, నా గురించి బెంగ పెట్టుకోకండి. నాట్యం కూడా వద్దులెండి, ఏదో ఉద్యోగం చూసుకుంటాను” అంది. అప్పుడు మావారే అన్నారు, “ఉద్యోగం చూసుకో. కానీ ఆ సాధన మానకు. రెండూ చెయ్యి. ఆ కర్నూలు పిల్ల చేసినట్టు లెక్క రాసి పంపించు” అని. ఆ పిల్ల నోట్సు పుస్తకం సంగతి నేను చెప్పినప్పుడు ఆయన వినలేదనుకున్నాను. విన్నారన్నమాట.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ప్లాను ఇది. డిగ్రీ పూర్తి చేయాలి. ఈలోగా సాయంత్రాలు విజయవాడలో సాధన. తరువాత ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ, ఆ డబ్బు కూచిపూడి చదువుకి దాచుకోవాలి. ఆపైన కళాపీఠం ప్రవేశానికి ప్రయత్నం. దొరికితే సరే, దొరక్కపోతే ఇంకో ఏడాది. ఈ లెక్కలో అప్పు లేదు, గాజులు నా చేతికే ఉన్నాయి. పాతికేళ్ళకి పిల్ల ఏమవుతుందో నాకు తెలియదు. వచ్చే ఏడాది ఏం చేయాలో మాత్రం ముగ్గురికీ తెలుసు.

మీరూ వెళ్ళి చూడండి

అందరూ పిల్లల్ని నాట్యంలో చేర్పించండని నేను చెప్పడం లేదు. అమెరికా వెళ్ళినవాళ్ళు తప్పు చేశారనీ అనను, మా ఆడపడుచు కొడుకు బంగారంలా ఉన్నాడు. నేను చెప్పేది ఒక్కటే. పిల్ల ఏదైనా చోటు పేరు చెబితే, అది కూచిపూడి కానివ్వండి, షికాగో కానివ్వండి, పక్క ఊరి పాలిటెక్నిక్ కానివ్వండి, వద్దనేముందు, సరేననేముందు, వీలైతే వెళ్ళి ఒక పూట అక్కడ కూర్చోండి. అక్కడ చదివే పిల్లలతో మాట్లాడండి. ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, అయ్యాక ఏం చేస్తారు అని అడగండి. దూరమైతే అక్కడ చదివినవాళ్ళని ఇంటికి పిలిచి అడగండి. ఇవి మనకి బాగా వచ్చిన ప్రశ్నలే కదా, కూరగాయలు బేరమాడేటప్పుడు ఇంతకన్నా ఎక్కువే అడుగుతాం.

కూచిపూడి వెళ్ళాలంటే విజయవాడ నుంచి పామర్రు మీదుగా అవనిగడ్డ, చల్లపల్లి వెళ్ళే బస్సులెక్కాలి. బందరు వైపునుంచి వచ్చేవాళ్ళు పామర్రులో మారితే సరి. ఆధార్ మరిచిపోకండి. పాఠాలు జరిగేది చూడాలంటే సెలవులు కాని రోజు, పొద్దున్నే చేరండి. లోపలికి వెళ్ళేముందు ఆఫీసులో చెప్పి వెళ్ళండి. పిల్లల్ని చేర్చాలనుకునేవాళ్ళు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలుగు విశ్వవిద్యాలయం కేంద్రం హైదరాబాదులో ఉండిపోయింది, ఈ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కాబట్టి ఏ కోర్సుకి ఏ విశ్వవిద్యాలయం సర్టిఫికెట్టు ఇస్తుందో, ఫీజెంతో, ఎన్నేళ్ళో ఆ ఏడాదికి ఆ ఏడాది ఆఫీసులోనే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మొన్న మళ్ళీ విజయవాడ వెళుతూ ఆ ఊరు దాటాను. ఈసారి దిగలేదు. కిటికీలోంచి చూస్తే గుడి వైపు దారిలో ఇద్దరు ఆడపిల్లలు భుజానికి గజ్జెల సంచులు తగిలించుకుని గబగబా నడిచి వెళుతున్నారు, క్లాసుకి ఆలస్యమైనట్టుంది. బస్సు కదిలేదాకా వాళ్ళ వైపే చూశాను. మావారికి చెబితే, “ఈసారి నేనూ వస్తాను, దిగుదాం” అన్నారు.